పసుపుకు గోత్రం అడిగిన రోజు

నిజామాబాద్ గ్రంథాలయంలో పుస్తకాలు చదివి, వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. సైట్‌లో పెట్టే ఒక్కో రకం సమాచారానికి ఏయే గడులు ఉండాలో మనమే తయారు చేసుకోవచ్చు. దాన్ని కంటెంట్ టైప్ అంటారు. పెండ్లి సంబంధాలు చూసే మా మేనత్త కోసం మొదట ఒక సైట్ చేశాను.

పోయిన ఏడాది కమ్మర్‌పల్లి పసుపు రైతులు పంట అమ్ముకోవడానికి సైట్ కావాలన్నారు. నమూనా చూసి నచ్చితేనే పని ఇస్తామన్నారు. బయటివాళ్ళ నుంచి నాకొచ్చిన మొదటి అవకాశం అదే. తొందరలో మేనత్త సైట్‌లోని కంటెంట్ టైప్‌నే నకలు తీశాను. గడుల పేర్లు మార్చడం మరిచాను.

రైతులందరి ముందు తెర మీద పసుపు కొమ్ముల ఫోటో వచ్చింది. దాని కింద వరసగా వయసు, ఊరు, గోత్రం, మొదటి పెండ్లా రెండో పెండ్లా అని ఉంది!

ముందు వరసలో ఉన్న రైతు రాజవ్వ పడీ పడీ నవ్వింది.

"ఏం బిడ్డా, మా పసుపుకు సంబంధాలు సూస్తున్నవా?"

అందరూ గొల్లుమన్నారు. పని పోయినట్టేనని ల్యాప్‌టాప్ మూయబోయాను. రాజవ్వే ఆపింది.

"గట్ల మూస్తవేంది? కొనేటోడు గవే అడుగుతడు. పంట ఎన్నాళ్ళది, ఏ ఊరిది, ఏ జాతి విత్తనం అని. గా పెండ్లి ముచ్చటొక్కటి తీసెయ్!"

పని నాకే ఇచ్చారు. గోత్రం పోయి విత్తనం రకం వచ్చింది. సైట్ చూసి మొదటి బేరం కుదిరిన రోజు రాజవ్వ ఫోన్ చేసింది.

"బిడ్డా, మంచి సంబంధం కుదిరింది!"

ఇప్పటికీ ఏ కంటెంట్ టైప్ చేసినా, ఎక్కడైనా గోత్రం మిగిలిందేమోనని ముందు చూసుకుంటాను.