గేరాయిలు మార్పిద్దామమ్మా

నేను కోయిలకుంట్ల ఆసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరుగా చేరిన కొత్తలో, పల్లెల్లో కాన్పు కష్టమైందని కబురొస్తే ఎద్దులబండిలో పోయేదాన్ని. రేగడి నేలల్లో బండి నడక ఎట్లుంటుందో ఆ సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను చేరేసరికి ఒక్కోసారి బిడ్డ పుట్టేసి ఉండేది, ఒక్కోసారి తల్లి పోయి ఉండేది. ఒక ఏడు వరసగా ఇద్దరు తల్లులు అట్లా పోయినారు. ఆ ఏడే మా నాయనతో చెప్పినాను, "నాకు నగలూ వద్దు, చీరలూ వద్దు, ఒక కారు కొనియ్యి నాయనా" అని.

మా నాయన కమలాపురం దగ్గర సేద్యం చేసేవాడు. ఎద్దుల బేరాల్లో ఆయన మాటకు చుట్టుపక్కల తిరుగులేదు. కడపలో ఒక పెద్దింటివాళ్లు, ఇంటి పెద్దాయన చనిపోయినాక, ఆయన వాడిన ఇంగ్లీషు కారును అమ్ముతున్నారని విని నన్ను వెంటబెట్టుకుని పోయినాడు. ఎద్దుకైతే నోరు తెరిపించి పండ్లు చూస్తాడు. కారుకు పండ్లు గేరు బాక్సులో ఉంటాయని అప్పటికి మా ఇద్దరికీ తెలీదు. ఆ ఇంటి కొడుకు మమ్మల్ని ఎక్కించి కడప వీధుల్లో ఒక చుట్టు తిప్పించినాడు. ఇంజను చప్పుడు తప్ప ఇంకో చప్పుడే లేదు.

"పిల్లి నడిచినట్టు పోతాండాది గదమ్మా!" అని మా నాయన సంబరపడినాడు. పొద్దు గూకేలోపల బేరం కుదిరింది.

కారుతో పాటే డ్రైవరు కూడా వచ్చినాడు. యాభై దాటిన సాయిబు. గడ్డం నెరిసింది కానీ చూపు మాత్రం గద్ద చూపు. ఆ ఇంట్లోనే చానా ఏండ్లు చేసినవాడు. కొడుకు కొత్త కారు తెచ్చుకుని తానే తోలుకుంటానన్నాడంట, ఈయనకు పని లేకుండా పోయింది. నేను ఆయన్ని చిచ్చా అనేదాన్ని. మనిషి మాట తక్కువ. వచ్చిన మొదటి వారంలోనే, నేను ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేటప్పుడు, తల తిప్పకుండానే అన్నాడు.

"డాక్టరమ్మా, గేరాయిలు మార్పిద్దామమ్మా. నంద్యాలకు పోయి ఒక పూట నిలబెడితే అయిపోతాది."

"కారు బాగానే ఉండాది గదా చిచ్చా?"

"బాగానే ఉండాది. అయినా మారిస్తే మంచిది."

ఇంజనుకు ఒక ఆయిలు, గేర్లకు ఇంకో ఆయిలు ఉంటుందని ఆయన చెప్తేనే నాకు తెలిసింది. గేరాయిలు చిక్కగా, పాకం మాదిరి ఉంటుందనీ, గేరు చక్రాల పండ్లు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా కాపాడుతుందనీ ఓపికగా చెప్పినాడు. నేను సరే అన్నాను. కానీ ఆసుపత్రిలో ఆడ డాక్టరును నేనొక్కదాన్నే. ఒక పూట వదిలిపెట్టి నంద్యాలకు పోయేది ఎట్లా? ఆ తర్వాత కూడా ఆయన అడుగుతానే ఉన్నాడు. దసరా పోయినాక అడిగినాడు, శివరాత్రి ముందర అడిగినాడు. ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను.

ఎండలు ముదిరినాక కారు నిలబెట్టేచోట నాపరాళ్ల మీద నల్లటి మరక కనబడింది. రోజూ కడిగించినా మళ్లీ వచ్చేది. గేరు మార్చేటప్పుడు చిచ్చా భుజం బిగపట్టేవాడు. కారు దిగితే కాలిన నూనె వాసన వచ్చేది. అయినా కారు నడుస్తా ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఒకనాటి మధ్యాహ్నం బనగానపల్లె దిక్కున ఒక పల్లె నుంచి మనిషి వచ్చినాడు. తొలిచూలు కాన్పు, ముందురోజు నుంచి నొప్పులు. పోయి చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది, చెయ్యి బయటికి వచ్చేసింది. అక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు. నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయి కడుపు కోయాల్సిందే. ఆ పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టి, తల వాళ్లత్త ఒళ్లో పెట్టించి, నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. మొగుడు కారు పక్క మెట్టు మీద నిలబడి కిటికీ పట్టుకున్నాడు.

పల్లె దాటి కంకర రోడ్డెక్కినాక చిచ్చా రెండో గేరు నుంచి మూడో దానికి మార్చబోయినాడు. గేరు కడ్డీ కదల్లేదు. క్లచ్చి తొక్కి రెండు చేతులా లాగినాడు. ఊహూఁ.

"ఏమైంది చిచ్చా?"

"రెండో గేరు పట్టుకునిందమ్మా. ఇడవడంలే."

"నిలిపి చూస్తావా?"

"నిలిపితే ఇంత బరువుతో మళ్లా లేస్తాదో లేదో చెప్పలేను. నిలపను."

వెనక నుంచి అత్త ఏడుపు గొంతుతో, "నిలపొద్దు నాయనా, నీ కాళ్లు మొక్కుతా, నిలపొద్దు" అంది.

ఆ దారంతా నాపరాళ్ల బండ్లు. బండి కనబడితే చాలు, మెట్టు మీద ఉన్న మొగుడు గొంతు చించుకుని అరిచేవాడు, "ఏమప్పోయ్! పక్కకు తోలప్పా! కాన్పు మనిషి ఉండాది!" అని. బండ్లవాళ్లు ఎద్దుల ముక్కుతాళ్లు లాగి దారి ఇచ్చేవాళ్లు. ఇంజను పొర్లుతున్న ఎసరు లెక్క కుతకుతలాడుతా ఉంది. కాళ్ల కింది రేకు కాలిపోతా ఉంది. నేను ఆ పిల్ల నాడి వదల్లేదు.

నంద్యాల దగ్గరికి వచ్చేసరికి రైలు గేటు వేసి ఉంది. చిచ్చా రోడ్డు పక్కన జొన్న కోసిన బీడు చేను ఉంటే కారును దాంట్లోకి దింపినాడు. గేటు ముందర నిలబడిన జనమంతా తిరిగి చూస్తుండగా, గానుగెద్దు లెక్క, ఆ చేలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టినాడు. జొన్న కొయ్యకాళ్ల మీద కారు ఎగిరెగిరి పడింది. ఆ పిల్ల కేకలు వేసింది. గూడ్సు బండి, ఎంతకూ అయిపోదే. ఆఖరి డబ్బా పోయి గేటు లేవగానే నేరుగా చేలో నుంచి రోడ్డెక్కించి పట్టాలు దాటించినాడు. ఆసుపత్రి మెట్ల ముందర ఇంజను ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

ఆపరేషనుకు నేనూ చెయ్యి కలిపినాను. తల్లి బతికింది. ఆడపిల్ల పుట్టింది. చెయ్యి కమిలి వాచిపోయి ఉంది కానీ ఏడుపు గట్టిగానే ఏడ్చింది.

మరునాడు పొద్దున నలుగురు కూలీలు కారును తోసుకుని వర్క్‌షాపుకు చేర్చినారు. వర్క్‌షాపంటే రేకుల కొట్టం, ముందర వేపచెట్టు, అంతే. మేస్త్రీ యుద్ధకాలంలో మిలిటరీ బండ్లు బాగుచేసి వచ్చినవాడు. కారు కింద పడుకుని గేరు బాక్సు అడుగు బిరడా విప్పినాడు. కింద పెట్టిన బొచ్చెలోకి ఆయిలు కారాలి. ఒక్క చుక్క కారలేదు. వంకర కమ్మీ పెట్టి పొడిస్తే, గానుగ పిండి మాదిరి నల్లటి ముద్ద ఒకటి పొతుక్కున పడింది. మేస్త్రీ దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా దిక్కు తిరిగినాడు.

"రంపంపొట్టు డాక్టరమ్మా. మీకు అమ్మినోళ్లు ఎవరో గాని, బాగా మోసం జేసినారు."

గేరు పండ్లు అరిగితే కారు గుయ్యిమని రొద చేస్తుందంట. ఆయిల్లో రంపంపొట్టు కలిపి పోస్తే అది పండ్ల నడుమ మెత్త లెక్క చేరి రొద అణిచేస్తుంది. కొనేవాడు బండి బాగుందనుకుంటాడు. తర్వాత ఆ పొట్టే ఆయిలంతా తాగి ఉండలు కడుతుంది. మిగిలిన ఆయిలు గేరు బాక్సు వెనక వాచరు లోంచి కారిపోయింది. అదే మా ఇంటి ముందర మరక.

చిచ్చా వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నేను అడగకముందే చెప్పినాడు.

"నేనే పోసినా డాక్టరమ్మా. పెద్దాయన కొడుకు పోయమన్న్యాడు, పోస్తి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్న ఆ పిల్ల సచ్చిపోయుంటే ఏం జేసేవాడివి?" అన్నాను.

"గేటు కాడ చుట్లు కొడ్తాండంగా అదే అనుకుంటాండ్య" అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా ముందర పట్టుకున్నాడు. నేను తీసుకోలేదు. అట్లని ఉండమనీ అనలేదు. ఆ బాలింతను చూసేదానికి ఆసుపత్రికి వచ్చేసినాను.

మధ్యాహ్నం తిరిగిపోతే చిచ్చా చొక్కా విప్పి మేస్త్రీతో కలిసి గేరు చక్రాలను కిరసనాయిల్లో కడుగుతున్నాడు. రెండో గేరు చక్రానికి ఒక పన్ను కొస విరిగి ఉంది. కొత్త చక్రం మద్రాసు నుంచి రావాలంట, అందాకా దీంతోనే నడపొచ్చంట. వెనక వాచరు మార్చినారు. బాక్సు మూసి, ముందు పలచటి ఆయిలు పోసి, కారు వెనక చక్రాలు పైకెత్తి కాసేపు తిప్పి వంచేసినారు. పొట్టు వచ్చింది. మళ్లీ పోసి వంచినారు. ఇంకా వచ్చింది. ఆయిలు తేటగా దిగేదాకా అదే పని.

ఇక ఏ ఆయిలు పోయాలన్న దగ్గర పంచాయితీ వచ్చింది. మేస్త్రీ ఆముదం కలుపుదామన్నాడు. "రొద అణుగుతాదమ్మా. లారీలోళ్లు శానామంది పోస్తాండారు." నేను ఒప్పుకోలేదు. ఆముదం నాకు కొత్త కాదు, ఆసుపత్రిలో రోజూ పట్టించేదే. సీసా మూతి దగ్గర అది ఎట్లా ఎండి బంక కడుతుందో చూస్తానే ఉన్నాను. బాక్సులో మళ్లీ ఇంకో బంక నాకొద్దు అన్నాను. మేస్త్రీ ఆలోచించి, అదీ నిజమే అన్నాడు. అయితే నూటనలభై నంబరు పోస్తానన్నాడు. అది అన్నిటికంటే చిక్కటిది. మన ఎండలకు పలచబడకుండా నిలబడుతుంది, అరిగిన పండ్లకు కాస్త మెత్తగా ఉంటుంది. చిచ్చా తొంభై నంబరే కారుకు తగిందన్నాడు. చలికాలం తెల్లారుజామున చిక్కటి ఆయిలు గడ్డలాగుండి గేరు పడదు, కాన్పు కబుర్లు వచ్చేది ఆ వేళలోనే అన్నాడు. ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఎండాకాలానికి నూటనలభై, చలి మొదలైతే తొంభై అని తేల్చినాను. బాక్సు పక్కనున్న తూటులోకి రబ్బరు గొట్టం పెట్టి పోసినారు. ఆయిలు ఆ తూటు మట్టానికి వచ్చి మెల్లగా బయటికి పొర్లినప్పుడు చాలనుకుని బిరడా బిగించినారు.

కోయిలకుంట్లకు తిరిగి వచ్చేటప్పుడు కారు అసలు గొంతు విన్నాను. రెండో గేరులో కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. చిచ్చా తోలినాడు, నేను వెనక కూర్చున్నాను.

కొన్నాళ్లకు మా నాయన నన్ను చూసేదానికి వచ్చినాడు. బస్సు దిగి కారెక్కినాడో లేదో, "ఇదేందమ్మా, ఈ మోత?" అన్నాడు. ఇంటికి వచ్చినాక జరిగిందంతా చెప్పినాను. ఆయన మొహం నల్లబడింది. ఎద్దుల బేరంలో ఎవరికీ మోసపోని మనిషి.

"ఇంకా ఈ మనిషిని పెట్టుకొనుండావా?"

"వచ్చినప్పటి నుంచి ఆయిలు మార్పిద్దామని పోరుతానే ఉండాడు నాయనా. నేనే ఇనలేదు."

మా నాయన లేచి వాకిట్లోకి పోయినాడు. చిచ్చా కారు అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏమప్పా, పోరే బదులు ఉన్నదున్నట్టు చెప్పకపోతివే?"

చిచ్చా గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ఆ ఇంట్లో పెద్దాయన ఉప్పు తింటి. ఆయన కొడుకు గుట్టు నా నోటితో ఎట్ల చెప్పేది? ఈడికొచ్చినాక మీ బిడ్డ ఉప్పు తింటాండా. ఆమెకు కీడు జరిగితే ఎట్ల చూసేది? ఆయిలు మారిస్తే పొట్టు పోతాది, మాటా బయటపడదు అనుకుంటి. మేస్త్రీ ముందర బయటపడ్య."

మా నాయన కాసేపు కారు చుట్టూ తిరిగినాడు. టైర్లు తట్టి చూసినాడు, ఎద్దు తొడ తట్టినట్టు. తర్వాత లోపలికి వచ్చి మజ్జిగ అడిగినాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆయప్పకు కూడా ఇయ్యమ్మా, ఎండలో ఉండాడు" అన్నాడు. కడపకు పోయి ఆ ఇంటివాళ్లను నిలదీస్తాడేమో అనుకున్నాను. పోలేదు. ఆ తర్వాత మాత్రం ఆ వీధి గుండా ఎన్నడూ నడవలేదని మా అమ్మ చెప్పింది.

మద్రాసు నుంచి చక్రం రాలేదు. అడగ్గా అడగ్గా, ఆ మోడలుకు ఇప్పుడు దొరకవని జవాబు వచ్చింది. ఆ రొదతోనే ఇంకా కొన్నేళ్లు తిరిగినాము. ఆ కాన్పులో పుట్టిన ఆడబిడ్డకు నా చేతనే టీకా వేయించినారు. చెయ్యి బాగా ఆడిస్తా ఉండేది.

ఆ కాన్పు జరిగిన ఏడే, కుందేరు ఏటి మీద మంచు పట్టే రోజుల్లో చిచ్చా మళ్లీ గేరాయిలు మాటెత్తినాడు. ఈసారి నేను వాయిదా వేయలేదు. తొంభై నంబరు డబ్బా నంద్యాల నుంచి తెప్పించుకుని, ఆసుపత్రి వెనక కారును రాళ్ల మీదికి ఎక్కించి, ఆయనే మార్చినాడు. ముందు కాస్త దూరం తోలుకొచ్చి, ఆయిలు వేడిగా ఉన్నప్పుడే బిరడా విప్పినాడు. నల్లగా, నున్నగా, తాడు మాదిరి దిగింది. నేను వేలు ముంచి గోరు మీద రుద్ది చూసినాను. పొట్టు తగల్లేదు, మెత్తగానే ఉంది.

భార్యను చూపించుకునేదానికి వచ్చిన రైతు ఒకాయన అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. లేచి వచ్చి బొచ్చెలోకి తొంగి చూసినాడు.

"ఏమప్పా, ఆ నూనె పారబోస్తావా?"

"బండి ఇరుసుకు కావాల్నా?"

"ఆఁ. మాది కిర్రుమంటాండాది."

చిచ్చా నా దిక్కు చూసినాడు. నేను తల ఊపినాను. ఆ రైతు తన సద్దిముంత కడిగి తెచ్చుకుంటే, చిచ్చా ఒలకకుండా దాంట్లోకి వంచినాడు. లోపల నుంచి ఆ రైతు భార్య పేరు పిలిచినారు. ఆయన ముంతను తన ఎద్దులబండి నీడలో పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుంటా భార్య వెంట లోపలికి పోయినాడు. నేను కూడా చెయ్యి కడుక్కుని పనిలోకి పోయినాను.