వాగు వైపు రూపాయి బిళ్ళలు

అమెరికాలో మేముండే ఊరి పార్క్‌లో పాత నాణేలు ఇక మిగల్లేదని అందరూ అంటారు. మెటల్ డిటెక్టర్ కొన్న ప్రతి రిటైర్డ్ పెద్దమనిషీ ఆ గడ్డిని జల్లెడ పట్టేశాడు. టౌన్‌షిప్ పర్మిషన్ తెచ్చుకుని నేను మొదటిసారి వెళ్ళిన రోజు, బెంచీ మీద శాండ్‌విచ్ తింటున్న ఒకాయన టైమ్ వేస్ట్ చేసుకోవద్దని జాలిగా చెప్పాడు. అలా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. వద్దన్న పనే చేస్తాను.

వెతికేసిన చోట వెతకడానికి ఒక పద్ధతుంది. మామూలుగా అందరూ ఇనుము వినిపించకుండా మెషీన్ సెట్ చేసుకుని తిరుగుతారు. లేకపోతే మేకులూ సీసా మూతలూ తవ్వలేక నడుం పడిపోతుంది. నేను ఆ సెట్టింగ్ తీసేసి, ఇనుము చేసే ప్రతి గురగురా వింటూ నత్తనడక నడుస్తాను. వారమంతా మీటింగుల్లో ఊ కొట్టిన చెవులకి అదే విశ్రాంతి.

ఆ చలికాలం నాకు ఆ విశ్రాంతి అవసరం కూడా. అంతకు ముందు ఏడాది, ఐదో నెల దాటాక, మా బాబు కడుపులోనే పోయాడు. ఇప్పుడు నా భార్యకి మళ్ళీ ఎనిమిదో నెల. ఇంట్లో ఇద్దరం గట్టిగా నవ్వుకోవడానికి కూడా భయపడేవాళ్ళం.

ఒక శనివారం సాయంత్రం, వాగు మీంచి పొగమంచు లేస్తుండగా, చెట్ల అంచున మెషీన్ గురగురలాడింది. మేకే అనుకుని ఆకులు తప్పించాను. మన రూపాయి బిళ్ళ. స్టీల్‌ది కాబట్టి ఇనుములాగే పలుకుతుంది, అందుకే ఎవరూ ముట్టుకోలేదు. ముందు నవ్వొచ్చింది. ఇంకొంచెం ముందుకెళ్తే మళ్ళీ గురగుర, మళ్ళీ రూపాయి. ఆ తర్వాత ఇంకోటి. అన్నీ వాగు వైపే, ఎవరో నడుస్తూ ఒక్కొక్కటే వదిలినట్టు ఉన్నాయి. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అయినా హెడ్‌ఫోన్స్ తీసేశాను.

పాడె ముందు పేలాలతో పాటు చల్లే చిల్లర గుర్తొచ్చింది. మా వైపు నిండా బతికి పోయిన ముసలివాళ్ళకి చల్లిన డబ్బుల్ని ఏరుకుని, ఆయుష్షు పెరుగుతుందని పిల్లల మొలతాడుకి కడతారు. ఎవరో తెలుగు తాతగారి అస్థికలు ఈ వాగులో కలిపి ఉంటారనుకున్నాను. భయం కాస్త తగ్గి, ఆశ పుట్టింది. దొరికినవన్నీ జేబులో వేసుకున్నాను.

ఆ వరుస ఒడ్డున ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ మెషీన్ గురగురలాడలేదు. సన్నగా, తేటగా మోగింది. అది వెండి మోత. నాలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసేది దానికోసమే. మోకాళ్ళ మీద కూర్చుని చిన్న పార దింపబోతే చెయ్యి కదల్లేదు. చలికి అనుకున్నాను. మంచు నా భుజాల దాకా వచ్చేసింది. రేపు తవ్వొచ్చులే అని గబగబా కార్ దగ్గరికి వచ్చేశాను.

ఇంటికొచ్చి బిళ్ళలు కడిగి టేబుల్ మీద పెట్టాను.

"పార్క్‌లో దొరికాయి. ఎవరో బాగా పెద్దవాళ్ళవి అయ్యుంటాయి. ఒకటి మన బేబీకి కడదాం," అన్నాను.

నా భార్య ఒక బిళ్ళని తిప్పి చూసి మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"చెట్టు కింద తవ్వావా?" అంది.

చెట్టు సంగతి నేనింకా చెప్పలేదు.

"లేదు. నీకెలా తెలుసు?"

"హాస్పిటల్ వాళ్ళిచ్చిన బాక్స్ అక్కడ పెట్టాను. వాడి టోపీ, పాదాల ముద్రలు. వాడి చేతులకని అమ్మ పంపిన వెండి మురుగులు కూడా అందులోనే వేశాను. ఆ రోజు నువ్వు ఆఫీస్‌లో ఉన్నావు. వాడికి ఎవరం ఏమీ చెయ్యలేదు కదా, అందుకని దేవుడి గూట్లోని చిల్లర తీసి దారి పొడుగునా వేసుకుంటూ వెళ్ళాను. అంత చిన్నవాళ్ళకి వెయ్యరని నాకు తెలీదు."

నాకెందుకు చెప్పలేదని కోపమొచ్చింది. ఆ చెట్ల మధ్య ఒక్కతే నడుస్తూ పోవడం తలుచుకుంటే ఆ కోపం నిలవలేదు. ఆమె చేతిలో బిళ్ళని తీసుకోబోయాను, వదల్లేదు.

"మీవాళ్ళెవరికైనా ఆ బాక్స్ దొరుకుతుందా?" అంది. మీవాళ్ళంటే మెషీన్లు పట్టుకు తిరిగేవాళ్ళు.

ఆ మోత విన్నవాడు తవ్వకుండా వెళ్ళడు.

తెల్లారగానే గరాజ్‌లోంచి తుప్పు మేకుల డబ్బా తీసుకెళ్ళాను. ఇన్నాళ్ళూ నాణేలనుకుని తవ్వినవే అవన్నీ. ముందు రూపాయి బిళ్ళల్ని వరుసగా వాటి చోట్లలో పెట్టి మట్టి కప్పాను. తర్వాత చెట్టు కింద, లోపలిదేదీ కదలకుండా, ఆకుల అడుగున మేకులు గుచ్చాను. చుట్టూ ఇనుము ఉంటే దాని అడుగున ఉన్న వెండి మెషీన్‌కి వినిపించదు.

మెషీన్ పైన తిప్పి చూశాను. ఇంకా సన్నగా మోగుతూనే ఉంది. మరికొన్ని గుచ్చాను. మళ్ళీ తిప్పాను. ఈసారి వట్టి గురగుర. ఎంతసేపు విన్నా అదే.

ఇంటికెళ్ళి, ఎవరికీ దొరకదని ఆమెకి చెప్పాను.