ఊదించే శేషారత్నం

ఊదించే శేషారత్నం అంటే గురజాల దారిలో తిరిగే ఆటోవాళ్లందరికీ తెలుసు. సత్తెనపల్లిలో పుట్టి, నలభై దాటాక హెడ్ కానిస్టేబుల్ అయిన మనిషి. తాగి బండి నడిపేవాళ్లను పట్టే మిషన్ ఆమె చేతికిచ్చింది గౌరవంతో కాదు. ఆడమనిషి ముందు గొట్టంలో ఊదాలంటే మగవాళ్లు సిగ్గుపడి తాగడం మానేస్తారని ఎస్సైగారి ఆలోచన. ఒక్కడూ సిగ్గుపడలేదు. "ఈసారికి పోనీ అక్కా" అనడం మాత్రం నేర్చుకున్నారు.

తనిఖీ ఎప్పుడూ సాయంత్రం వైన్ షాపు మలుపులోనే. కేసులు తేలిగ్గా దొరికేది అక్కడ మరి! మనుషులు చచ్చేది మాత్రం అక్కడ కాదు. శేషారత్నం ఏడాది ఫైళ్లన్నీ ముందేసుకుని చూస్తే పదకొండు ప్రమాదాల్లో ఏడు పొద్దున ఆరుకీ ఎనిమిదికీ మధ్య, కాలువ వంతెన దగ్గరే జరిగాయి. రాత్రి తాగింది దిగకముందే డ్రైవర్లు మిరపకోతల కూలీలను ఆటోకు పద్నాలుగు మంది చొప్పున కుక్కి తోలుతున్నారు.

"తనిఖీ పొద్దున వంతెన దగ్గర పెడదాం సార్. కాకపోతే తాగినవాడి బండి తాళం లాక్కున్నాక ఆ కూలీల్ని చేలకు చేర్చాలిగా. తాగని డ్రైవర్ని ఒకణ్ణి ఇవ్వండి" అని అడిగింది.

"మనం నడిపేది స్టేషనా, ట్రావెల్సా?" అని ఎస్సై పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. పెద్దసారు నవ్వాక నవ్వకుండా ఉండే ధైర్యం ఎవడికుంది? పొద్దున తనిఖీకి ఒప్పుకున్నాడు, డ్రైవర్ని మాత్రం ఇవ్వలేదు.

మూడు వారాలు వంతెన దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగో వారం జక్కయ్య ఆటో వచ్చింది. ఊదిస్తే ఎనభై నాలుగు. ముప్పై దాటితే కేసు. శేషారత్నం తాళం తీసి జేబులో వేసుకుంది. కూలీలంతా దిగి ఆమెను చుట్టుముట్టారు. వాళ్లను పనికి కుదిర్చే మేస్త్రి వెంకటలక్ష్మి ముందుకొచ్చింది.

"ఏందమ్మా నీ గోల? ఏడింటికి చేలో లేకపోతే రైతు ఇంకో ముఠాని పెట్టుకుంటాడు. నీకైతే ఒకటో తారీఖున జీతం పడుద్ది."

"చస్తారు! వాడు నిలబడలేకపోతున్నాడు, చూడు."

"ఇన్నేళ్లూ ఇట్టనే తోలాడు. చచ్చామా?"

శేషారత్నం ఎస్సైకి ఫోన్ చేసి ఇంకో బండి పంపమని వేడుకుంది. "నువ్వే చూసుకో అమ్మా" అని ఆయన పెట్టేశాడు.

ఈలోపు ఎవరో వంతెన పక్కనున్న ఇంట్లోంచి మజ్జిగ తెచ్చారు. జక్కయ్య చేత రెండు చెంబులు తాగించి, నెత్తిన నీళ్లు గుమ్మరించారు. అరగంట ఆగి మళ్లీ ఊదిస్తే డెబ్బై ఒకటి.

"దిగుతోందిగా!" అని ఆడవాళ్లంతా సంబరపడ్డారు. "చేనికి పొయ్యేలోపు మొత్తం దిగిపోద్ది తల్లీ" అంటూ ఒక ముసలామె శేషారత్నం గడ్డం పట్టుకుంది.

ముప్పై కంటే డెబ్బై ఒకటి ఎక్కువని ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు. శేషారత్నానికీ తెలుసు. అయినా జేబులోంచి తాళం తీసి ఇచ్చేసింది. "మెల్లగా పోరా" అంది.

వాడు మెల్లగా పోలేదు. రెండు కిలోమీటర్లు పోయి, ఆగి ఉన్న ట్రాక్టర్‌ను వెనక నుంచి గుద్దాడు. అయిదుగురు ఆడవాళ్లు అక్కడికక్కడే పోయారు. ఆ ముసలామె వాళ్లలో ఒకతి. జక్కయ్యకు మోచెయ్యి గీరుకుంది, అంతే. హెడ్ కానిస్టేబుల్ తన ఇష్టప్రకారం తాళం ఇచ్చిందని ఎస్సై రిపోర్టు రాశాడు. అందులో అబద్ధం లేదు, దరిద్రం అదే. మర్నాడే ఆమెను సస్పెండ్ చేశారు.

నాలుగో రోజు శేషారత్నం బత్తాయిలు పట్టుకుని నరసరావుపేట ఆసుపత్రికి పోయింది. వెంకటలక్ష్మికి మోకాలి కింద కాలు తీసేశారు. ఆమె చూపు తట్టుకోలేక శేషారత్నం నోరు జారింది.

"మీరడిగితేనే కదక్కా ఇచ్చాను."

"అడిగాం. కూలి పోద్దని అడిగాం. రేపు నా ముఠావోళ్లు మళ్లీ అడుగుతారు. మాకా అంకెలు తెలుసా? తెలిసినదానివి నువ్వు. తెలిసే ఇచ్చావు."

శేషారత్నం బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టబోయింది.

"అయి తీసుకుపో" అంది వెంకటలక్ష్మి.