జీవరాజుగారికి తోడు

మా వీధిలో జీవరాజుగారంత భయస్థుడు ఇంకొకరు లేరు. ఇది నేను చాటుగా చెబుతున్న మాట కాదు. ఆయనే గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పుకునేవారు. ఆరడుగుల మనిషి, రుబ్బురోలు లాంటి భుజాలు, రెండు చేతులా దువ్వాల్సినంత మీసం. ఆ మీసం కింద నుంచి ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది: "నాకు భయమేస్తోందండి, కాస్త తోడు రండి."

బల్లి అంటే భయం. ఉరుమంటే భయం. పోస్టాఫీసు కౌంటరు దగ్గర నిలబడాలంటే భయం. ఒకసారి పుచ్చకాయ కొయ్యడానికి కూడా తోడు పిలిచారు, లోపల ఎలా ఉంటుందోనని. ఇంత భయస్థుడు ముప్పై నాలుగేళ్ళు కరెంటు ఆఫీసులో లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యారంటే నమ్ముతారా? తొంభై ఆరు తుపాను తరవాత కోనసీమలో పదిహేను రోజులు స్తంభాల మీదే ఉన్నారట. మరి అప్పుడు భయం వెయ్యలేదా అని అడిగాను. అడక్కుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ఆయన మీసం దువ్వుకుని, "స్తంభం మీద బల్లులుండవు కదండీ, అక్కయ్యగారూ" అన్నారు.

నేను చదివింది ఐదో తరగతే. కానీ మా పిఠాపురం వీధిలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో, ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో నాకు తెలియకుండా జరగదు. వీరవేణిగారి చెవిలో వేస్తే మైకులో చెప్పినట్టే అని వెనకాల అనుకుంటారు. అదీ నాకు తెలుసు. జీవరాజుగారి భయాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇంటికెవరొచ్చినా కాఫీతోపాటు ఆయన భయం ఒకటి వడ్డించేదాన్ని.

అందులో నాకు బాగా పేరు తెచ్చింది గంగయ్య కన్ను కథ. ఎదురింటి గంగయ్యకి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషనంటే మంచం కోడు పట్టుకుని వదల్లేదు. కొడుకులు బతిమాలారు, కోడళ్ళు ఏడ్చారు, లాభం లేకపోయింది. సరిగ్గా అప్పుడే జీవరాజుగారికి కన్ను మసకేసింది. కాకినాడలో చూపించుకోవాలనీ, ఆసుపత్రి వాసనంటే తనకి హడలనీ చెప్పి గంగయ్యని తోడు తీసుకెళ్ళారు. మూడో రోజున ఇద్దరూ బస్సు దిగారు. చూస్తే కంటికి కట్టు గంగయ్యకి ఉంది.

"తోడెళ్ళినవాడివి, నీకు కట్టేంటయ్యా?" అని అడిగాను.

"ఈయన బల్ల మీద పడుకోనని గోలండి. ఎలా పడుకోవాలో చూపిద్దామని నేను పడుకున్నాను" అన్నాడు గంగయ్య. ఆ కథ ఏడాది పాటు చెప్పుకు తిరిగాను.

ఇంకొకటి దీనమ్మ టీచరుది. కొత్తగా అద్దెకి దిగింది, ఒక్కతే మనిషి. ఆ ఏడు పెద్ద గాలివాన పట్టిన రాత్రి జీవరాజుగారు భార్యనీ చాపనీ చంకలో పెట్టుకున్నట్టు వెంటబెట్టుకుని ఆవిడ తలుపు కొట్టారు. మా ఇంటి పెంకులు చూస్తే భయంగా ఉందమ్మా, మీ వరండాలో పడుకుంటాం అన్నారు. పడుకున్నారు. ఆ రాత్రి గాలి హోరుని మించి ఆయన గురక వినపడింది. భయపడేవాడికి అంత గురకేంటి అని నేను అందర్నీ అడిగి నవ్వించానేగానీ, నన్ను నేను అడుక్కోలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఊరివాడే ఉదయభాస్కర్. ఎనభై రెండులో నలుగురు స్నేహితుల్ని పోగేసి మ్యూజిక్ పార్టీ పెట్టాడు. తబలా లేదు, హార్మోనియం లేదు, అన్నీ కరెంటు పెట్టెలే. మద్రాసు నుంచి తెచ్చిన కీబోర్డులు, డబ్బా మీద వేలు పెడితే డోలు మోగే యంత్రాలు. తళతళలాడే కోట్లు వేసుకుని, రాత్రిపూట నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పాటలు కూడా వాళ్ళే కట్టుకుని వాయించేవారు. మొదటిసారి విన్నప్పుడు రైలింజను సన్నాయి నేర్చుకుంటున్నట్టు అనిపించింది. తరవాత తరవాత వంట చేస్తూ నేనే ఆ పాటలు కూనిరాగం తీశాను. ఇరవై ఏళ్ళయ్యేసరికి ఆ జుట్లకి రంగులు పడ్డాయి, కోట్లకి పక్కల్లో అతుకులు పడ్డాయి. అయినా జనం వదల్లేదు. ఇరవయ్యో ఏడు పండగని తునిలో పెద్ద ప్రోగ్రాం పెట్టారు.

ఆ పార్టీలో రెండో కీబోర్డు వాయించే ఆయనకి బదిలీ అయింది. ఒక పాటకి నువ్వు వాయించమని ఉదయభాస్కర్ మా మనవరాలు హేమశ్రీని అడిగాడు. అతని దగ్గరే నేర్చుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం. నాకు సంతోషం కంటే ముందు భయమేసింది. ఆరు నెలల కిందట కాలేజీ ఫంక్షన్లో స్టేజీ ఎక్కి, వేళ్ళు బిగుసుకుపోయి, ఒక్క మెట్టూ నొక్కకుండా దిగొచ్చేసింది. ఆ రోజు నుంచీ కీబోర్డు మీద దుప్పటి తియ్యలేదు. ఉదయభాస్కర్ అడిగాడని ఒప్పుకుందిగానీ, ఆ రాత్రి నా పక్కన పడుకుని, "ఈసారి కూడా అలాగే అయితే ఇక జన్మలో ముట్టుకోను, మామ్మా" అంది. అది మాట తప్పే పిల్ల కాదు. నాకు నిద్ర పట్టలేదు.

ప్రోగ్రాం రోజున పిల్ల ముద్ద ముట్టలేదు. అంతలో జీవరాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగారు. అంత పెద్ద చప్పుడు తానెప్పుడూ వినలేదనీ, వినకపోతే చచ్చేదాకా ఆ భయం పోదనీ, హేమశ్రీ పక్కనుంటే వినగలననీ చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

"పిల్లే బెంగతో ఉంటే దానికి మీరొకరా?" అన్నాను.

"ఆయ్, అందుకేనండి. బెంగపడేవాళ్ళకే బెంగపడేవాళ్ళ బాధ తెలుస్తుంది."

పాసింజరు ఎక్కాం. రైలు కూత కొట్టేముందు చెప్పమ్మా, ఉలిక్కిపడతాను అన్నారు పిల్లతో. కూత ఎప్పుడు కొడుతుందో దానికేం తెలుసు? అయినా కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూ, గేటు వచ్చినప్పుడల్లా "ఇప్పుడు తాతగారూ" అని చెబుతూ కూర్చుంది. గొల్లప్రోలు దాటాక ఒంటరిగా తినాలంటే భయమని పొట్లం విప్పారు. దానిచేత రెండు ఇడ్లీలు తినిపించారని తునిలో దిగేదాకా నాకు తట్టనేలేదు. నేను నా భయంలో ఉన్నాను.

గ్రౌండులోకి అడుగుపెట్టాం. ఎటు చూసినా తలలే. తాటిచెట్టంత స్పీకర్లు. పక్క వీధులకి కరెంటు లేదు, గ్రౌండుకి మాత్రం జనరేటరు. వైర్లు పాముల్లా స్టేజీ కిందికి పాకుతున్నాయి. జనంలో కూర్చోలేను బాబూ, స్టేజీ వెనక అమ్మాయికి దగ్గరగా ఉంటానని జీవరాజుగారు ఉదయభాస్కర్ని వేడుకున్నారు. అతను నవ్వి సరేనన్నాడు. అక్కడ వైరు అతుకు ఒకటి చూసి, ఇది చూస్తే నాకు భయంగా ఉందయ్యా అని జనరేటరు మనిషితో అన్నారు. ఎన్ని ప్రోగ్రాములు దాటిందండీ అది, మీరు భయపడితే ఊడుతుందా అని అతను టీకి వెళ్ళిపోయాడు.

ప్రోగ్రాం మొదలైంది. ఏం చెప్పను, ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, కుర్చీలోంచి ఎక్కింది. నా వెనకాల బట్టతలాయన ఒకరు భార్య వద్దంటున్నా లేచి తువ్వాలు ఊపాడు. అయిదారు పాటలదాకా నాకూ కాలు ఊగింది. ఆ తరవాత మైకులో హేమశ్రీ పేరు పిలిచారు. కాలు ఆగిపోయింది. పిల్ల వచ్చి కీబోర్డు ముందు నిలబడింది. నీలం లైటు దాని మీద పడింది. చేతులు ఎత్తింది, దించలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పదిదాకా వచ్చాను. చేతులు అలాగే ఉన్నాయి.

అప్పుడు ఫట్‌మని మొత్తం ఆరిపోయింది.

చీకట్లో అన్ని వేలమంది ఈలలు వేసే ఆ గోల పగవాళ్ళకి కూడా వద్దు. బ్యాగులోంచి టార్చి తీసి, ఎవరి కాళ్ళు తొక్కుతున్నానో చూసుకోకుండా స్టేజీ వెనక్కి పరిగెత్తాను. పిల్ల ఏడుస్తూ మెట్లు దిగుతూ ఉంటుందనుకున్నాను. అక్కడికి చేరకముందే జీవరాజుగారి గొంతు వినపడింది. వణుకుతోంది.

"అమ్మాయ్, ఎక్కడున్నావు? నాకు భయమేస్తోంది."

"ఇక్కడే ఉన్నాను తాతగారూ. మీరు కదలకండి." పైనుంచి హేమశ్రీ. దాని గొంతూ వణుకుతోంది, కానీ ఆయనది అంతకంటే ఎక్కువ వణుకుతోంది.

చిటపటమని లైట్లు వచ్చాయి. కీబోర్డులో పెట్టుకున్న శబ్దాలన్నీ ఆ దెబ్బకి చెరిగిపోయి, ఉత్త పియానో మిగిలిందట. నేను వాయించేస్తాలేమ్మా అని ఉదయభాస్కర్ గుసగుసగా అనడం నాకు వినపడింది. పిల్ల తప్పుకుంటే ఇక అంతే.

"అమ్మాయ్," అని కింద నుంచి మళ్ళీ ఆయన. "ఈ జనం గోల నావల్ల కాదమ్మా. నీ పాట మొదలుపెట్టు. అది వింటూ ఊపిరి తీసుకుంటాను. మధ్యలో ఆపావంటే మాత్రం నేను పోతాను."

"సరే తాతగారూ, వినండి" అంది హేమశ్రీ.

మొదలుపెట్టింది. ఉత్త పియానోతోనే. ఆ వేలమందికి కాదు, స్టేజీ కింద భయపడుతున్న ఒక్క ముసలాయనకి వాయించింది. నేను సంతోషం పట్టలేక ఆయనకి చెబుదామని స్టేజీ కింద చీకట్లోకి టార్చి వేశాను.

జీవరాజుగారు షాక్ కొట్టకుండా ఒక చెక్క మీద నిలబడి ఉన్నారు. ఊడిపోయిన అతుకుని, ఎప్పుడు జేబులో వేసుకొచ్చారో, కటింగ్ ప్లేయరుతో బిగించి పట్టుకున్నారు. పట్టు కాస్త సడలినా మళ్ళీ చీకటే. అతుకులోంచి నిప్పురవ్వలు రాలి ముంజేతి మీద పడుతున్నాయి. నోరు "అమ్మో, బాబో, ఆపకమ్మా" అంటూనే ఉంది. చేతులు మాత్రం కదల్లేదు. అంత నిలకడైన చేతులు నేను గుడిలో విగ్రహానికే చూశాను. టార్చి వెలుగు పడగానే ఆయన నోరు ఆగింది. కళ్ళతోనే ఆర్పెయ్యమన్నారు. ఆర్పేశాను. చీకట్లో మళ్ళీ "అమ్మో, బాబో" మొదలైంది.

పాట పూర్తయింది. జనం లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లకి పరిగెత్తుకొచ్చిన జనరేటరు మనిషి అతుకు వేసేదాకా జీవరాజుగారు వదల్లేదు. తరవాత మెల్లిగా కూర్చుని చొక్కా చెయ్యి మణికట్టుదాకా దించి గుండీ పెట్టుకున్నారు.

"అమ్మాయికి చెప్పకండి, అక్కయ్యగారూ. నాకు తోడొచ్చాననుకుంటోంది. అలాగే అనుకోనివ్వండి."

"అయితే మీకు భయమన్నదే లేదా?"

"ఎందుకు లేదండీ. ఇన్నేళ్ళ నుంచీ ఈ సంగతి మీకు ఎక్కడ తెలిసిపోతుందోనని ఒకటే భయం" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు హేమశ్రీ ఆయన మోచెయ్యి పట్టుకుని రైలు దింపింది. జాగ్రత్త తాతగారూ, మెట్టు ఎత్తుగా ఉంది అంటూ. ఆయన మూడు మెట్లకీ మూడుసార్లు భయపడ్డారు. ఇప్పుడు దానికి పెళ్ళై ఇద్దరు పిల్లలు, సంగతి ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నానుగానీ, ఆ రోజున నా పరిస్థితి ఆలోచించండి. నా జన్మలో దొరికిన అన్నిటికంటే గొప్ప కథ, తెల్లారితే ఒక్కరికీ చెప్పకూడదు.

పొద్దున్నే గంగయ్య, దీనమ్మ టీచరు నా అరుగు మీదికి వచ్చేశారు, ప్రోగ్రాం ఎలా జరిగిందని. నాలుక కరుచుకుని చెప్పాను.

"పిల్ల బ్రహ్మాండంగా వాయించింది. జీవరాజుగారే హడలిపోయారు, పట్టుకోలేకపోయామంటే నమ్మండి."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గంగయ్య దీనమ్మ వైపు చూశాడు. దీనమ్మ గొంతు తగ్గించి, "అయితే మీకూ తెలిసిపోయిందన్నమాట, వీరవేణిగారూ" అంది.

ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడిగాను. తనకి కట్టు విప్పిన రోజు నుంచీ తెలుసన్నాడు గంగయ్య. వీధిలో ఎవరికి తెలియదో చెప్పండి అంది దీనమ్మ. మీకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే ఆయన ఎవర్నీ తోడు పిలవలేరు, అందుకని మీ ఒక్కరికే చెప్పలేదంది. ఎక్కడ ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుందనుకునే దాన్ని. ఈ సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

అంతలో జీవరాజుగారే వచ్చారు, చొక్కా చేతుల గుండీలు పెట్టుకుని. వీధి మొగలో ఆబోతు నిలబడిందట, పాలకి వెళ్ళాలంటే భయంగా ఉందట. ముగ్గురం లేచాం. ఇంతకీ ఆ ఆబోతుకి భయపడుతున్నదెవరా అని నేను వీధి చివరికంటా చూశాను. పాపాయమ్మగారి కొత్త కోడలు పాలచెంబు గుండెకి హత్తుకుని గోడకి అంటుకుపోయి ఉంది.

"పదండి జీవరాజుగారూ, నాకూ భయంగానే ఉంది" అన్నాను, ఆ పిల్లకి వినపడేలా.