చివరి ఓవర్లు వేసిన చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ల క్రితం ఇదే ఒమాన్‌లో నేను అన్నం లేకుండా ఒక పూట ఉండగలిగేవాణ్ణి గాని నొప్పి మాత్ర లేకుండా ఉండలేకపోయేవాణ్ణి, అలాంటివాణ్ణి ఈరోజు మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు వందనాలు.

మాది జగిత్యాల వైపు పల్లె. కట్టడం పనికి ఇక్కడికి వచ్చి, అల్ హైల్ పేటలో ఖాళీ స్థలంలో టెన్నిస్ బంతితో ఆడుతుంటే, ఒక కంపెనీ మేనేజర్ చూసి తన క్రికెట్ జట్టులోకి తీసుకున్నాడు. ఇక్కడ కంపెనీల జట్లకు లీగ్ ఉంది, ఆటగాడికి కంపెనీలోనే ఉద్యోగం చూపిస్తారు. నా కాగితాల్లో స్టోర్ హెల్పర్ అని ఉండేది, ఆ స్టోర్ తలుపు ఎటు ఉంటుందో కూడా నాకు తెలియదు. నా అసలు డ్యూటీ ఆఖరి రెండు ఓవర్లు. మ్యాచ్ చేజారుతుందనగా బంతి నాకిచ్చేవారు, బ్యాట్స్‌మన్ కాలివేళ్ల దగ్గర పడేలా వేసి గెలిపించేవాణ్ణి, ఇక నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మ్యాచ్‌లూ ఆరోజే, మన ఆరాధనా ఆరోజే. ప్రభువును శనివారానికి మార్చాను, కొన్నాళ్లకు శనివారం కూడా మరిచాను.

రెండో సీజన్‌లో మోచెయ్యి పట్టేసింది. చెబితే జట్టు పోతుంది, జట్టుతోపాటు వీసా పోతుంది. మొదట మ్యాచ్‌కు ముందు ఒక మాత్ర, కొన్నాళ్లకు మూడు, చివరికి ఆట లేని రోజు కూడా లేవగానే అవే. పైగా మింగుతూ ప్రార్థించేవాణ్ణి: "ప్రభువా, ఈ ఒక్క ఓవర్ ఎయ్యనియ్యి, ఇగ తర్వాత నువ్వేం చెప్తే అది." అలా ఎన్ని ఒక్క ఓవర్లు అడిగానో ఆయనకే తెలుసు!

ఒక శుక్రవారం ఆఖరి ఓవర్ రెండో బంతికి మోచేతిలో ఏదో తెగింది, బంతి నా కాళ్ల దగ్గరే పడింది. ఇక బౌలింగ్ లేదని డాక్టర్ చెప్పేశారు. నా ఆట రెండు సీజన్లతో ముగిసింది.

మరుసటి శుక్రవారం ఎటు పోవాలో తెలియక మన సహవాసానికి వచ్చాను. ఇళ్లలో వంట చేసే మేరమ్మ అక్క, ఆమెకు నేనెవరో కూడా తెలియదు, నా చేతి కట్టు చూసి వచ్చి తల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి బాగవ్వాలని ప్రార్థిస్తుందనుకున్నాను. ఆమె అన్నది ఇది: "తండ్రీ, ఈ తమ్ముడి చెయ్యి సంగతి తర్వాత చూద్దురుగానండి, ముందు ఇతను దాస్తున్నది బయటపెట్టించండి."

జేబులో మాత్రల అట్ట ఉంది, ఆ సంగతి భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. తీసి ఆమె చేతిలో పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తర్వాత అడిగితే, అలా ప్రార్థించినట్టే గుర్తులేదంది.

మాత్రలు మానేసరికి ఆ వారమంతా వణుకు, చెమటలు. సహోదరులు వంతులవారీగా రూమ్‌లో నాతో కూర్చున్నారు, డాక్టర్ దగ్గర నిజం చెప్పించారు. పదో రోజు పొద్దున రూమ్‌లో ఒక్కణ్ణే చాయ్ తాగుతుంటే స్ఫురించింది, లేచి గంటైంది, మాత్ర తలపుకే రాలేదు. గ్లాసు కింద పెట్టి కదలకుండా కూర్చున్నాను. ఆ గదిలో నేనొక్కణ్ణే లేనని తెలిసి భయమేసింది, ఆనందమూ వేసింది.

కంపెనీ నన్ను వదిలేసింది, ఇప్పుడు ఒక గ్యారేజీలో డ్యూటీ. మోచెయ్యి ఈరోజుకీ పూర్తిగా చాచలేను. దేవుడు సగమే బాగుచేశాడా అని అడిగేవారున్నారు. నేను చెయ్యి అడిగాను, ఆయన మనిషినే తిరిగి ఇచ్చాడు. ఎవరికీ చెప్పుకోలేనిది మోస్తూ ఎవరైనా ఈ హాల్లో ఉంటే ఆయన్ను నమ్మండి, ఆరాధన అయ్యాక వెంటనే వెళ్లిపోకండి. నేను తలుపు దగ్గర ఉంటాను. దేవునికే మహిమ.