అడ్మిన్ గారికి వందనాలు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేశారు. పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని లేచి, వంటింటి గడపలోనే కూర్చుండిపోయిందట. పక్కింటివాళ్ళు చూసేసరికే ప్రాణం లేదు. నేను నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరుకు బయలుదేరుతూ, చెప్పులు వేసుకుంటూనే, మా వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టాను. "మన గ్రూపు సభ్యురాలు, రిటైర్డ్ టీచరు గారు ఈ ఉదయం కన్నుమూశారని తెలిసింది." తెలిసిందట! ఎవరో దారిన పోయేవాళ్ళు చెబితే తెలిసినట్టు. మా అమ్మ చంకలో కంటే ఆవిడ చంకలోనే ఎక్కువ పెరిగినవాణ్ణి నేను. అలాంటి మనిషి పోతే నేను రాసిన మొదటి సంతాపం అది. ఆ ముక్క రాసిన వేలు చూసుకుంటే ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ముందు ఆ గ్రూపు సంగతి చెప్పాలి. అది ఒక తెలుగు రాక్ బ్యాండ్ అభిమానుల గ్రూపు. బ్యాండ్ పేరు రాయను. రాస్తే ఈ నాలుగు పేజీలూ పక్కనపెట్టి మళ్ళీ అందరూ వాదనకు దిగుతారు. నలుగురు కుర్రాళ్ళు, అద్దె షెడ్డులో మొదటి ఆల్బం చేశారు. దాన్ని విన్నవాళ్ళు పిడికెడుమంది, ఆ పిడికెడులో నేనొకణ్ణి. ఆ తర్వాత ఏమైందో ఏమో, మూడో ఆల్బంతో వాళ్ళ దశ తిరిగింది. సినిమాలు, పెళ్ళి పందిళ్ళు, రింగుటోన్లు, చివరికి రొయ్యల మేత ప్రకటన. అప్పటి నుంచి మా గ్రూపులో ఒకటే గొడవ. వీళ్ళు కళాకారులా, వ్యాపారులా? మొదటి ఆల్బం వాళ్ళం ఒక పక్క, మూడో ఆల్బం వాళ్ళు ఒక పక్క. నేను అడ్మిన్ని. పైగా విమర్శకుణ్ణని నాకో నమ్మకం. పొడుగాటి పోస్టులు రాసేవాణ్ణి. "అమ్ముడుపోయిన గిటారు" అనే నా పోస్టును మెచ్చుకుంటూ చిట్టమూరు నుంచి ఒకాయన ఫోన్ కూడా చేశాడు.

అత్త ఈ గొడవలోకి రొయ్యల గుంటల వైపు నుంచి వచ్చింది. ఆమె ఇంటి వెనకాలంతా గుంటలే. కాపలా కుర్రాళ్ళు సాయంత్రం కాగానే స్పీకరు పెట్టేవాళ్ళు. నీళ్ళ మీద నుంచి ఆ మూడో ఆల్బం పాటలు తేలుకుంటూ వచ్చి ఆమె వరండాలో పడేవి. సైన్సు టీచరుగా రిటైరయిన మనిషి, చర్చిలో ఆదివారం పాటలు ఎత్తుకునే మనిషి. శబ్దం తగ్గించమని తిట్టడానికి గట్టు మీదికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ పాట గొణుక్కుంటూ వచ్చిందని నాన్న నవ్వుతూ చెప్పారు. ఆ ఆదివారం నేను భోజనానికి వెళితే, "ఒరేయ్, ఆ బ్యాండు గ్రూపు నీదే అంట గదా. నన్నూ చేర్చు," అంది. లింకు పంపాను, చేరిపోయింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

చేరిన వెంటనే వాయిస్ మెసేజి పెట్టింది. తెలుగు టైపు చేయడం ఆమెకు విసుగు. మాట్లాడే ముందు ఫ్యాను ఆపేది, గాలి శబ్దం వస్తుందని. టక్కుమని స్విచ్చి శబ్దం, ఒకసారి గొంతు సవరింపు, ఆ తర్వాత, "అందరికీ వందనాలండీ. నేను ఈ బ్యాండు పాటలు కొత్తగా వింటుండాను. తప్పులుంటే చెప్పండి." క్లాసులో మొదటి రోజు పిల్లలకు చెప్పినట్టే. గ్రూపులో నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో అడిగారు, "ఎవరన్నా ఈ ఆంటీ?" అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తెలియదు, లింకు పట్టుకుని వచ్చినట్టున్నారు," అని రాశాను.

ఆమె చదివిందని నాకు తెలుసు. మెసేజి కింద నీలం టిక్కులు పడ్డాయి. వారమంతా ఏం సంజాయిషీ చెప్పాలా అని కుమిలి, ఆదివారం తలొంచుకుని వెళ్ళాను. కంచం ముందు పెట్టి, గరిటె చేతిలోకి తీసుకుని, "అడ్మిన్ గారూ, పప్పు వేసుకోండి," అంది. అంతే. కోపం లేదు, మొహంలో ఒక చిలిపితనం మాత్రం ఉంది. నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వుతో మా ఇద్దరికీ ఒప్పందం కుదిరిపోయింది. ఇంట్లో నేను "అత్తా", ఆమె "ఒరేయ్". గ్రూపులో నేను "మేడమ్ గారూ", ఆమె "అడ్మిన్ గారికి వందనాలు".

వాదనలో మాత్రం ఆమె నన్ను వదిలేది కాదు. రొయ్యల మేతకు పాట పాడినవాళ్ళు కళాకారులెలా అవుతారని నేను రెచ్చిపోయి రాస్తే, టక్కుమని స్విచ్చి శబ్దం. "అడ్మిన్ గారూ, ఆ మేత తినే రొయ్యల మీదనే గదండీ ఈ జిల్లాలో సగం మంది బతుకుతుండేది. మీ ఉద్యోగం ఏందో నాకు తెలీదు గానీ, మీరు కూడా తింటుంటారు అనుకుంటా." నేను రొయ్యల ఎగుమతి కంపెనీలో లెక్కలు రాస్తాను. గ్రూపంతా పగలబడి నవ్వింది. అందులో ఎంత మంట ఉందో తెలిసింది మాత్రం నాకొక్కడికే.

అలాగని బ్యాండు ఏం చేసినా నెత్తిన పెట్టుకునే రకం కాదు. మా అత్త తిడితే మామూలుగా ఉండదు. ఒక పెళ్ళి పాటలో రెండో చరణం వినేసి, "ఇది మొదటి చరణానికే రంగు మార్చి తొడిగినారు. పరీక్షలో ఇట్లా రాస్తే సున్నా వేసేదాన్ని," అంది. నేను నెత్తిన పెట్టుకున్న మొదటి ఆల్బం గురించి అడిగితే మాత్రం జవాబు సాయంత్రానికి గానీ రాలేదు. "విన్నానండీ, మళ్ళీ మళ్ళీ విన్నాను. బాగుంది. ఆ పిల్లోడు తలుపేసుకుని ఏడ్చినట్టుంది. మూడో ఆల్బంలో తలుపు తీసినాడు. తలుపు తీసినాడని మీకు కోపమా? మా చర్చిలో నేను ఎంత కష్టమైన రాగం ఎత్తుకున్నా లాభం లేదు, వెనక వరసలో ముసలామె అందుకుంటేనే నాకు అది పాట." నిజానికి ఆ మూడో ఆల్బం పాటలు బండి మీద పోతూ నేను కూడా పాడుకుంటాను. ఎవరైనా పక్కకు వస్తే ఆపేస్తాను. ఇంట్లో ఆమె ముందు కంచం మీద వేళ్ళతో అదే దరువు వేసి దొరికిపోయాను కూడా. చూసీ చూడనట్టు మజ్జిగ పోసింది.

జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఐసు వ్యాపారం చేసే ఒకాయన మా గ్రూపులో ఉన్నాడు. అందరం జువ్వలదిన్నె అన్న అంటాం. మూడో ఆల్బం పక్షానికి ఆయనే పెద్ద. మొదట్లో ఆంటీ అని నవ్వినవాళ్ళలో ఆయనా ఒకడు. కొన్నాళ్ళకు "అమ్మా" అనడం మొదలుపెట్టాడు. పొద్దున ఆమె మెసేజి ఆలస్యమైతే, "అమ్మ ఇంకా లేవలేదా?" అని అడిగేవాడు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఆమెను అమ్మా అంటుంటే, నేను మేడమ్ అంటూ కూర్చున్నాను.

బ్యాండు నెల్లూరు వచ్చింది. కాలేజీ గ్రౌండులో కచేరీ. "నన్ను తీసుకపోరా," అని అడిగింది అత్త. "అంత జనంలో నీ మోకాళ్ళు ఏం కాను అత్తా," అన్నాను. మోకాళ్ళ సంగతి సాకు మాత్రమే. గ్రూపు వాళ్ళంతా ఒక చోట కలుస్తున్నాం, అక్కడికి చేతిసంచీతో, జరీ అంచు చీరతో ఆమె వస్తే నా విమర్శకుడి మర్యాద ఏం కావాలి?

గ్రౌండులో మావాళ్ళను వెతుక్కుంటూ వెళితే, వాళ్ళ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది మా అత్త. ఆటో మాట్లాడుకుని ఒక్కతే వచ్చేసిందట. జువ్వలదిన్నె అన్న ఆమెకు కూల్‌డ్రింక్ ఇస్తున్నాడు. ఆయన నన్ను చూసి, "అమ్మా, మన అడ్మిన్ అన్న ఈయనే. నీతో రోజూ పోట్లాడేది," అన్నాడు. ఆమె లేచింది. నా మొహంలో భయం చూసింది. పదో తరగతిలో లెక్కల మార్కులు దాచిన రోజు చూసిన భయమే అది, ఆమెకు కొత్త కాదు. చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాచి, "వందనాలండీ అడ్మిన్ గారూ. మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి," అంది. నాకు అన్నం తినిపించిన చేతిని పట్టుకుని, కొత్తవాళ్ళకు ఇచ్చినట్టు షేక్‌హ్యాండ్ ఇచ్చాను. "సంతోషం మేడమ్," అన్నాను. ఆ రోజు పాటలేవీ నాకు గుర్తులేవు.

ఆ ఆదివారం క్షమాపణ చెప్పబోయాను. ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే ఆపేసింది. "సర్లేరా, నాకేం నష్టం? ఇంట్లో ఎప్పుడన్నా నన్ను మేడమ్ అన్నావా? అక్కడ అంటుండావు." తరిగిన ముక్కలు పక్కకు తోసి, "కానీ ఒకటి చెప్తా విను. నచ్చిన పాట నచ్చిందని చెప్పుకునేదానికే నీకు ఇంత సిగ్గయితే, మనుషుల సంగతేందిరా?" అంది. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలవే అనుకున్నాను, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. వచ్చే నెలలో గ్రూపులో చెప్పేస్తాలే అనుకున్నాను. ఆ నెలా పోయింది, ఇంకో నెలా పోయింది. ఇంతలో నాన్న ఫోను.

మరునాడు మధ్యాహ్నం సమాధి చేశాం. పాస్టరు గారు ప్రార్థన ముగించాక అందరూ ఇంటికి బయలుదేరారు. పూలదండలు సర్ది వస్తానని నేను ఉండిపోయాను. అప్పుడు సమాధుల తోట గేటు దగ్గర మోటారు సైకిళ్ళు ఆగాయి. జువ్వలదిన్నె అన్న, వెనక మా గ్రూపు వాళ్ళు. అందరూ బ్యాండు నల్ల టీషర్టులే వేసుకున్నారు, కానీ తిరగేసి. కుట్లన్నీ పైకి కనబడుతున్నాయి. నేను చూస్తున్నది గమనించి జువ్వలదిన్నె అన్న చెప్పాడు. "పుర్రె బొమ్మ గదన్నా. చావు చోట పెద్దోళ్ళు ఏమన్నా అనుకుంటారేమోనని తిప్పి వేసుకున్నాం. అమ్మ కోసం వేసుకోకుండా ఎట్లా వస్తాం?" నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మాకంటే ముందే వచ్చినావే. అంత పోట్లాడి కూడా వచ్చినావంటే నీది పెద్ద మనసన్నా."

తెచ్చిన బంతిపూలు పచ్చి మట్టి మీద పెట్టారు. చాలాసేపు నిలబడ్డారు. చివరికి జువ్వలదిన్నె అన్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, అమ్మకి ఒక మేనల్లుడు ఉండాడంట. ప్రతి ఆదివారం ఇంటికి వచ్చి పాటల గురించి మాట్లాడతాడంట. 'పాట వినేది వాడి దగ్గరే నేర్చుకున్నా, నాకు బిడ్డయినా వాడే' అని నాకు ఫోన్లో చెప్పింది. ఆయన్ని పలకరించి పోదామని వచ్చినాం. నీకేమన్నా తెలుసా?"

"నేనే అన్నా," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. నవ్వలేదు. "ఇట్లాంటప్పుడు తమాషాలొద్దన్నా."

"తమాషా కాదు. నేనే ఆ మేనల్లుణ్ణి."

"ఆ రోజు గ్రౌండులో మా కళ్ళ ముందరే గదా అమ్మ నీకు చెయ్యి ఇచ్చింది. ఇదే మొదటిసారి చూసేది అన్నింది. ఆమె అబద్ధం ఆడే మనిషా?"

నేను ఏం చెప్పాలి? అవును అంటే, ఇంకా ఆరని ఆ మట్టి పక్కన నిలబడి ఆమెను అబద్ధాలకోరును చేసినట్టు. కాదు అంటే, నేను ఆమెకు ఏమీ కానట్టు. ఆయన నన్ను వదిలేసి, "పదండ్రా, ఇంటికాడ అడుగుదాం," అని మిగతావాళ్ళను కదిలించాడు.

వాళ్ళ వెనకే నడిచాను. ముందు ఆ తిరగేసిన చొక్కాలు, మెడల దగ్గర తెల్లటి లేబుళ్ళు. ఇంటి ముందు షామియానా కింద నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు. జువ్వలదిన్నె అన్న ఆయన ముందు వంగి, రెండు చేతులూ పట్టుకుని, "పెద్దాయనా, అమ్మ మేనల్లుడు గారు యాడుండాడు? ఒక్కసారి చూసి పోతాం," అని అడిగాడు.

నాన్నకు అర్థం కాలేదు. ఆయన మొహంలోకి చూశారు, మిగతావాళ్ళ మొహాల్లోకి చూశారు. ఆ తర్వాత చెయ్యి విడిపించుకుని, వాళ్ళ భుజాల మీదుగా నా వైపు చూపించారు.

వాళ్ళందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు.