పెద్ద కారు సంగతి డాక్టరుకు చెప్పలేదు

ఆ రోజు పొద్దున మా ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయారు. ఎడమచేతి వేళ్లు బొత్తాం దాకా వెళ్లి జారిపోతున్నాయి. "సెయ్యి తిమ్మిరెక్కిందే, అంతే" అని నా చేత పెట్టించుకుని ఆఫీసుకు వెళ్లారు. అప్పటికి వారంగా తలనొప్పి కూడా ఉంది. ఎండదెబ్బ అనుకున్నాను. నా తెలివి అక్కడికే.

మాది మా పెద్దలు ఓడెక్కి వలసవచ్చిన సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటు. ఆయన అక్కడ గుమాస్తా. డ్రైవింగ్ లైసెన్సు కొత్తగా వచ్చింది. ఇంగ్లీషు సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు కావడంతో, అడవిలోని కమ్యూనిస్టుల కాల్పుల భయానికి మేనేజరు దొర పెద్ద కారుకు లోపల ఇనప రేకులు బిగించారు. అంత బరువునూ ఉరికించే ఇంజను దానిది. లైసెన్సు వచ్చి ఏడాది నిండనివాళ్లు దాన్ని ముట్టకూడదు, చిన్న వ్యాను మాత్రమే నడపాలని దొర ఆర్డరు. దాన్ని టైపు చేసి గోడకు అంటించింది మా ఆయనే.

మూడు రోజుల్లో మాట ముద్దయింది. అన్నం ముందు కూర్చుని నిద్రపోయారు. ఎస్టేటులో వైద్యం చూసే డ్రెస్సరు మలేరియా మందు ఇచ్చాడు. తగ్గలేదు. దొర కారు డ్రైవరు సన్యాసి నాకు మేనమామ. ఆయనే వ్యానులో మమ్మల్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"ఎనీ ఫాల్? ఎనీ నాక్ ఆన్ ద హెడ్?" అని డాక్టరు అడిగితే, పడ్డారా, తలకు దెబ్బేమైనా తగిలిందా అని తమిళ నర్సు నాకు విడమరిచి చెప్పింది. "లేదు" అన్నాను. మావ తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు. బ్లడ్ టెస్టులో మలేరియా లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. "ఆర్ యూ ష్యూర్?" అని మళ్లీ అడిగారు. "లేదంటే లేదు" అని కసిరాను కూడా.

ఐదో రోజు పిలిస్తే పలకలేదు. ఒక కంటిపాప పెద్దదయింది. "ట్యూమర్ కావచ్చు. ధైర్యం తెచ్చుకో" అన్నారు డాక్టరు. వరండాలో కూలబడ్డాను. నా బతుకు అయిపోయిందని గుండెలు బాదుకున్నాను. మావ నా పక్కన చతికిలబడి ఏడ్చాడు.

"అమ్మా, నాను సెప్పకూడదే. అమ్మోరి కాడ కర్పూరం ఆర్పినాం."

"ఏటి మావా? ఏటి పెమాణం సేసినారు?"

అమ్మవారి ముందు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చేసిన ప్రమాణం తప్పితే చావు తప్పదని మావాళ్ల నమ్మకం. నేను వదల్లేదు. అప్పుడు చెప్పాడు. మూడు వారాల కిందట, అల్లుడు ముచ్చటపడ్డాడని పెద్ద కారు స్టీరింగు ఇచ్చాడట. మా ఆయన వ్యాను తొక్కినట్టే తొక్కారు. కారు ఒక్క ఉరుకున పోయి రబ్బరు చెట్టును గుద్దింది. తల ఇనప రేకుకు కొట్టుకుంది, నెత్తురు మాత్రం రాలేదు. బయటపడితే ఒకరి లైసెన్సు, ఒకరి కొలువు పోతాయని ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. కారు సొట్టను మావ తన మీద వేసుకున్నాడు.

"సెప్తే అల్లుడు సచ్చిపోతాడని బయమే!"

"సెప్పకే సచ్చిపోతన్నాడు!" అని అరిచి, మావను డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాను. ఆ ఇద్దరి మీదా అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

"సబ్‌డ్యూరల్!" అంటూ డాక్టరు లేచారు. గంటలో బర్ హోల్ ఆపరేషన్ జరిగింది. పుర్రెకు కన్నం పెట్టి, మెదడు మీద పేరుకున్న నల్లటి నెత్తురు తీశారు. సాయంత్రానికి కళ్లు తెరిచారు. నాలుగో రోజు మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. ఆ రెండోసారి నాకు మొక్కుకోవడానికి కూడా ఓపిక లేదు. నెల దాటాక నా పేరు పలికారు.

ఇప్పుడు మెర్దెకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. ఆయన మళ్లీ ఆఫీసుకు వెళుతున్నారు. ఫిట్స్ రావచ్చు, రోజూ మాత్ర వేసుకోవాలి, "నో డ్రైవింగ్" అన్నారు డాక్టరు. నిజం చెప్పినందుకు మావకు కొలువూ పోయింది, ఎస్టేటు ఇల్లూ పోయింది. మా ఇంట్లోనే ఉంటున్నాడు. దొర ఆర్డరును నేను తప్పుపట్టను. అది విని ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

మీకు చెప్పేది ఒక్కటే. దెబ్బ తగిలిందా అని డాక్టరు అడిగితే, రోగి వెంట తిరిగినవాళ్లందరినీ అడిగాకే జవాబు చెప్పండి. అప్పటిదాకా "తెలియదు" అనండి. వాళ్లిద్దరూ ఒట్టుకు భయపడి నోరు మూసుకున్నారు. నేను ఏ ఒట్టూ లేకుండానే రెండుసార్లు "లేదు" అన్నాను.